హీటర్ వేసే కాలానికి ముందు: పెంపుడు ఊసరవెల్లి ఊపిరి జాగ్రత్తలు

ఇంట్లో హీటర్ తిరగడం మొదలైతే చాలు, గాలిలో తేమ పడిపోతుంది. న్యూజెర్సీలోనో షికాగోలోనో జనవరి నెలలో గదిలోని హైగ్రోమీటర్ 20–25 శాతం చూపించడం మామూలే. ఆ అంకె చూసి కంగారుపడి, మెష్ కేజ్‌ని నాలుగు పక్కలా ప్లాస్టిక్‌తో చుట్టేసి, లోపలికి హ్యూమిడిఫయర్ గొట్టం దూర్చేస్తారు. కొన్ని వారాలకు ఊసరవెల్లి తల పైకెత్తి నోరు తెరవడం మొదలుపెడుతుంది. జబ్బు తెచ్చింది చాలాసార్లు చలి కాదు, ఈ కంగారే.

అమెరికాలో పిల్లలు అడిగారని మనవాళ్లు ఎక్కువగా కొనేది వెయిల్డ్ కమేలియన్. నెత్తిన కిరీటంలా ఎత్తుగా ఉండే ఈ జాతిది యెమెన్, సౌదీ కొండప్రాంతం. మడగాస్కర్ నుంచి వచ్చిన పాంథర్ కమేలియన్‌కీ కింద చెప్పేవి దాదాపు అన్నీ వర్తిస్తాయి. (మన ఊళ్లో పొలంగట్టు మీద కనిపించే ఊసరవెల్లి సంగతి వేరు. దాన్ని పట్టి పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.)

యెమెన్ కొండల్లో రాత్రి చల్లబడి పొగమంచు పడుతుంది. పొద్దెక్కేసరికి ఆకులు ఆరిపోతాయి. చల్లగా ఉన్నప్పుడు తడి, వేడిగా ఉన్నప్పుడు పొడి. మూసేసిన కేజ్‌లో ఇది తలకిందులవుతుంది. పగలంతా బల్బు వేడి, దాని కిందే ఆరని తడి, కదలని గాలి. బాక్టీరియాకీ బూజుకీ అంతకన్నా ఏం కావాలి?

ఊపిరి జబ్బు ఒకసారి పట్టుకుంటే వదలకపోవడానికి కారణం ఊసరవెల్లి ఒంట్లోనే ఉంది. దానికి డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు పొర) లేదు, మనలా గట్టిగా దగ్గి కఫాన్ని బయటికి నెట్టలేదు. సరీసృపాల చీము మన చీములా పల్చగా కారదు, పనీర్ తునకలా గట్టిపడుతుంది. ఊపిరితిత్తుల నుంచి వేళ్లలా పొడుచుకొచ్చిన సంచులుంటాయి, వాటిలో చేరింది అక్కడే ఉండిపోతుంది. పైగా వేటకు గురయ్యే జంతువు కాబట్టి జబ్బును ఆఖరిదాకా దాచుకుంటుంది. మనకు చప్పుడు వినిపించేసరికే జబ్బు పాతబడి ఉంటుంది.

కేజ్ సర్దడం: అక్టోబరులోనే

పెద్ద ఊసరవెల్లికి 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు, 4 అడుగుల ఎత్తు కేజ్ ఉండాలి. చలికాలానికి వెనక వైపు, రెండు పక్కల మాత్రమే పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్ వేయండి. పైకప్పు మొత్తం, ముందువైపు అడుగున 3–4 అంగుళాల పట్టీ మెష్‌గానే వదిలేయండి. బల్బు వేడికి గాలి పైకి లేస్తుంటే కింది పట్టీలోంచి కొత్త గాలి లోపలికి వస్తుంది. వస్తోందో లేదో చూడటం తేలిక. బల్బు వెలిగి గంటయ్యాక సన్నటి టిష్యూ పీలికను కింది మెష్ దగ్గర పట్టుకోండి, అది లోపలికి వంగాలి. నిటారుగా వేలాడుతుంటే గాలి ఆగిపోయినట్టే, ఒక పక్క షీట్ కొంచెం కిందికి దించండి. అతినీలలోహిత కిరణాలిచ్చే యూవీబీ ట్యూబుకీ ఊసరవెల్లికీ మధ్యకు మాత్రం షీట్ రాకూడదు, ప్లాస్టిక్ యూవీబీని ఆపేస్తుంది.

కేజ్ హీటర్ వెంట్ కింద ఉంటే పక్కకు జరపండి. కిటికీకి ఆనించి పెట్టినా తప్పే, రాత్రి అద్దం నుంచి చల్లగాలి జారుతుంది.

మిస్టింగ్ (నీటి తుంపర చల్లడం) పొద్దున లైట్లు వెలగడానికి ముందు రెండు నిమిషాలు, రాత్రి లైట్లు ఆరిన గంటకు రెండు నిమిషాలు చాలు. పగలు నీళ్లు కావాలంటే డ్రిప్పర్ పెట్టండి, ఆకు మీద బొట్టుబొట్టుగా పడితే అదే తాగుతుంది. లైట్లు వచ్చిన రెండు గంటలకు ఒక ఆకు అడుగున వేలు పెట్టి చూడండి. ఇంకా తడి తగిలితే నీళ్లు ఎక్కువవుతున్నాయి, లేదా గాలి తక్కువవుతోంది. పగలు తేమ 30–50 శాతం సరిపోతుంది.

రాత్రి ఫాగర్ (పొగమంచు వదిలే యంత్రం) విషయంలో ఎక్కువమంది పొరపడతారు. ఊసరవెల్లి పడుకునే కొమ్మ దగ్గర ఉష్ణోగ్రత 68 డిగ్రీల ఫారెన్‌హీట్ (20 సెల్సియస్) కన్నా తక్కువ ఉంటేనే ఫాగర్ వేయాలి. హీటర్ వల్ల ఆ గది రాత్రంతా 72 దగ్గరే ఉంటే ఫాగర్ జోలికి పోకండి. కేజ్‌లోకి గొట్టం పెట్టకుండా హ్యూమిడిఫయర్‌ను గదిలో ఓ మూల పెట్టి, గది తేమను 40–45 శాతానికి తెచ్చుకుంటే మేలు.

మిస్టింగ్ నీళ్ల డబ్బా లోపలి గోడను వేలితో రాయండి. జిగట తగిలితే అందులో బాక్టీరియా పొర కట్టింది, రోజూ రెండుసార్లు దాన్నే ఊసరవెల్లి ముఖాన కొడుతున్నారన్నమాట. సూడోమోనాస్ లాంటివి ఇలాంటి నిలవ నీటిలోనే పెరుగుతాయి. వారానికోసారి డబ్బా ఖాళీ చేసి రుద్ది, ఒక వంతు బ్లీచ్‌కు 30 వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు ఉంచి, వాసన పోయేదాకా కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. వంటింటి సింకులో కడగకండి. సరీసృపాల నుంచి సాల్మొనెల్లా అనే బాక్టీరియా వస్తుంది, ఐదేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో ఇంకా జాగ్రత్త.

బల్బు కింద కూర్చునే చోట 85 ఫారెన్‌హీట్ (29 సెల్సియస్), మిగతా కేజ్‌లో 72–78 ఉండాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద ఊసరవెల్లి రాత్రి 55–65 వరకు హాయిగా తట్టుకుంటుంది, కాబట్టి రాత్రంతా వేడి పెట్టాలన్న బెంగ వద్దు. ఎర్ర బల్బులు, వేడి రాళ్లు అసలే వద్దు. యూవీబీకి చుట్టల కాంపాక్ట్ బల్బు కాకుండా పొడుగు టీ5 ట్యూబు, 5 లేదా 6 శాతానిది వాడండి. వెలుగు కనిపిస్తున్నా యూవీబీ తగ్గిపోతుంది, అందుకే పెట్టిన తేదీని మార్కర్‌తో ట్యూబు చివర రాసి ఏడాదికి మార్చండి.

విటమిన్ ఎ తక్కువైనా ఊపిరి జబ్బు వస్తుంది. శ్వాసనాళం లోపలి తేమ పొర గట్టిపడి, దుమ్మునీ సూక్ష్మజీవులనీ తుడిచెయ్యలేకపోతుంది. విటమిన్ ఎ, డి3 ఉన్న మల్టీవిటమిన్ పొడిని రెండు వారాలకోసారి పురుగుల మీద పల్చగా చల్లితే సరిపోతుంది. ఎక్కువైతే విటమిన్ ఎ కూడా విషమే, కాబట్టి మన మాత్రలు చిదిమి పెట్టకండి.

పోపు, సాంబ్రాణి, దీపావళి

హీటర్ కాలంలో కిటికీలు మూసే ఉంటాయి. ఎండుమిర్చి పోపు ఘాటుకు మనమే దగ్గుతాం, దగ్గు రాని ప్రాణి ఏం చేస్తుంది? కేజ్‌ను వంటింటికీ పూజగదికీ దూరంగా, తలుపు వేసుకునే గదిలో పెట్టండి. సాంబ్రాణి, అగరొత్తులు, కాకరపువ్వొత్తుల పొగ, రూమ్ ఫ్రెషనర్, మాడిన నాన్‌స్టిక్ పెనం ఆవిరి, ఇవేవీ ఆ గదిలోకి రాకూడదు.

ఇండియా ప్రయాణం, కరెంటు పోవడం

డిసెంబరులో నాలుగు వారాలు ఊరెళ్లేవాళ్లు ఊసరవెల్లిని స్నేహితుల ఇంట్లో ఉంచదలిస్తే బయల్దేరే ముందురోజు కాదు, రెండు వారాల ముందే మార్చండి. కొత్త చోట తింటోందో లేదో మీరు ఇక్కడ ఉండగానే తెలుస్తుంది. మీ ఇంట్లోనే ఉంచి ఎవరైనా రోజూ వచ్చి చూసేట్టయితే, గ్యాస్ ఆదా అని ఇంటి థర్మోస్టాట్‌ను 62 కన్నా దించకండి. డాక్టరు నంబరు, మందు జాబితా, మిస్టింగ్ వేళలు కాగితం మీద రాసి కేజ్‌కి అంటించండి. వాట్సాప్‌లో పంపింది అవసరమైనప్పుడు దొరకదు.

2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుపానుకు లక్షల ఇళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రోజుకి చిల్లులు పెట్టిన థర్మోకోల్ పెట్టె, అందులో పట్టే చిన్న అట్టపెట్టె, అడ్డంగా ఓ కొమ్మ, 40 గంటల హీట్ ప్యాక్‌లు నాలుగు ముందే కొని ఉంచండి. ప్యాక్‌ను అట్టపెట్టె బయట, తువ్వాలు అడ్డంపెట్టి అంటించాలి. ఒంటికి తగిలితే కాలుతుంది, గాలి తగలకపోతే ప్యాక్ వేడెక్కదు. చలిలో తిండి అరగదు, కడుపులోనే కుళ్లుతుంది, కాబట్టి వేడి తిరిగి వచ్చేదాకా పురుగులు పెట్టకండి. బొగ్గుల కుంపటి, గ్యాస్ స్టవ్ ఇంట్లో వెచ్చదనానికి వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ వల్ల మీ ప్రాణానికే ముప్పు.

వినాల్సింది, చూడాల్సింది

లైట్లు ఆరిన అరగంటకు ఫ్యాన్, టీవీ కట్టేసి కేజ్ పక్కన చెవి పెట్టండి. ఉడికే గంజిలో బుడగ పగిలినట్టు టప్ టప్‌మని చిన్న చప్పుడో, సన్నటి ఈలో ఊపిరితో పాటు వినిపిస్తే అది జబ్బే. నోట్లో నురగ, దారంలా సాగే జొల్లు, పగలు కళ్లు మూసుకోవడం, ఒళ్లు ఉబ్బించి ఉండటం, గడ్డం కింద సంచిలా వాపు, ఇవీ అంతే.

నోరు తెరవడమొక్కటే చూసి భయపడక్కర్లేదు. బల్బు కింద తెరిచి, కిందికి దిగాక మూస్తే అది వేడి ఎక్కువవడం వల్లే, బల్బు పైకి జరపండి. తెల్లవారి చల్లటి వేళ, కింది కొమ్మ మీద, తల ఆకాశానికి ఎత్తి తెరిస్తే ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. ముక్కు దగ్గర తెల్లటి పెచ్చు మాత్రం ఒంట్లోంచి బయటికి వచ్చిన ఉప్పు, జలుబు కాదు.

వారానికోసారి గ్రాముల త్రాసు మీద తూచి రాయండి. 120 గ్రాములది 108కి వస్తే పదో వంతు పోయినట్టు, తింటున్నా సరే చూపించాలి.

డాక్టరు దగ్గరికి

కుక్కల డాక్టరు అందరూ వీటిని చూడరు. సరీసృపాల పశువైద్యుల సంఘం ఏఆర్‌ఏవీ వెబ్‌సైటులో ఊరి వారీగా జాబితా ఉంది. ఇప్పుడే ఒకరిని ఎంచుకుని ఫోన్ చేసి పెట్టుకోండి. వెళ్లే రోజు కారు ముందే వెచ్చబరిచి, చప్పుడు రికార్డు చేసిన వీడియో, తాజా రెట్ట పట్టుకెళ్లండి. అక్కడి కంగారులో అది ఊపిరి బిగబట్టి ఏ చప్పుడూ చేయకపోవచ్చు. ఎక్స్‌రే, గొంతులోంచి తీసిన నమూనాకు కల్చర్ పరీక్ష అడిగితే ఖర్చని వెనకాడకండి. ఏ మందుకు లొంగుతుందో తెలియకుండా వాడితే నెల పోతుంది.

ఇంటి వైద్యం మాత్రం పూర్తిగా మానుకోండి. విక్స్ ఆవిరి వద్దు, అందులోని కర్పూరం హాని చేస్తుంది. తులసి రసం, తేనె, పసుపు నీళ్లు నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకే పోతాయి. ఇంట్లో మిగిలిన అజిత్రోమైసిన్ కూడా వద్దు. నెబ్యులైజర్ డాక్టరు చెబితేనే.

జబ్బు పడ్డాక రాత్రి లెక్క మారుతుంది. పగలు బల్బు కింద 85–88 ఉండాలి, రాత్రి 72–75 కన్నా దిగకూడదు. థర్మోస్టాట్‌కి కలిపిన సిరామిక్ హీటర్ దీనికి పనికొస్తుంది. రాత్రి వెచ్చగా ఉంచుతున్నారు కాబట్టి ఫాగర్ పూర్తిగా బంద్. నీళ్లు పగటి డ్రిప్పర్ నుంచే. రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం నారింజ రంగుకు తిరిగితే ఒంట్లో నీళ్లు చాలడం లేదు. కొన్ని యాంటీబయాటిక్‌లు అలాంటప్పుడు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, తర్వాతి ఇంజెక్షన్‌కు ముందే డాక్టరుకు చెప్పండి.

సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్ ఇస్తే రోజూ కాదు, రెండు మూడు రోజులకోసారే ఉంటుంది. సిరంజిలు నింపి ఫ్రీజర్‌లో పెట్టమంటారు. ఆ పూటది ఒక్కటే తీసి గుప్పిట్లో కరిగించండి, మైక్రోవేవ్ వద్దు. బేట్రిల్ అనే ఇంకో యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చేసినచోట చర్మం నల్లబడవచ్చు, ఆ మచ్చ ఫోటో తీసి పంపండి. నోటి మందయితే 1 మి.లీ. సిరంజితో నోటి పక్కనుంచి ఒక్కొక్క బొట్టు వదలండి. మింగాకే ఇంకో బొట్టు. నాలుక మొదట్లో ఊపిరి రంధ్రం తెరుచుకుని కనిపిస్తుంది, దాని మీదకు చిమ్మితే మందే కొత్త జబ్బవుతుంది. నోట్లో కఫం ఉన్నప్పుడు బలవంతంగా తినిపించకండి. తనంతట తింటే నీరెక్కువుండే హార్న్‌వార్మ్ గొంగళిపురుగు, పట్టుపురుగు పెట్టండి.

వారానికల్లా చప్పుడు ఆగుతుంది, తినడం మొదలెడుతుంది, మందు ఆపేయాలనిపిస్తుంది. ఆపకండి, చెప్పిన ఆఖరి మోతాదు వరకు వేయండి. తర్వాత ఎక్స్‌రే శుభ్రంగా వచ్చాక రాత్రి ఉష్ణోగ్రతను వారానికి రెండు మూడు డిగ్రీల చొప్పున దించుతూ, 65కి వచ్చాక మళ్లీ ఫాగర్ పెట్టండి. మొదటి వారం గంటసేపే, తెల్లవారుజామున.