లేసు పాఠం 6: బాబిన్లు సర్దుకుని రైలెక్కుదాం

పోయిన పాఠంలో క్లాత్ స్టిచ్ చేతికొచ్చేసింది కదా, క్రాస్, ట్విస్ట్, క్రాస్, అదే. ఈసారి కొత్త కుట్టేం లేదు, బాబిన్లతో (దారం చుట్టిన చిన్న కర్రలు) దిండు మీద అల్లుతున్న లేసు పని చెదరకుండా ఊరు తీసుకెళ్లడం ఎలాగో చూద్దాం. మన నరసాపురం లేసు వాళ్లకి ఈ గొడవే లేదు, క్రోషే సూది, దారం ఉండ సంచిలో పడేసుకుంటే అయిపోయింది. బాబిన్ లేసుకి దిండు, గుండుసూదులు, బాబిన్లు అన్నీ కదలాలి, పైగా ఒక్క జత తారుమారైనా అల్లిక పాడు.

ముందు పని ఎంచుకోండి. శాంటిల్లీ అనే ఫ్రెంచి లేసు లాంటి వందల బాబిన్ల పని ఇంట్లోనే ఉండనివ్వండి. ప్రయాణానికి నా ఓటు టేప్ లేసుకే. స్లొవేనియాలో ఇద్రియా అని పాదరసం గనుల ఊరు ఉంది, 1876 నుంచి అక్కడ లేసు స్కూలు నడుస్తోంది, వాళ్లు కొద్ది జతలతోనే సన్న పట్టీ అల్లుతూ దాన్నే వంపులు తిప్పుకుంటూ పోయి, పక్కపక్కన చేరిన అంచుల్ని చిన్న కొక్కెంతో కలుపుతారు. ఇంగ్లండ్ హానిటన్ లేసు కూడా పువ్వు వేరు ఆకు వేరు చేసి కలిపేదే, కానీ ఆ దారం మరీ సన్నం, ఊగే బోగీలో కళ్లు పోతాయి, వద్దు.

మనకి 6 జతలు, అంటే 12 బాబిన్లు చాలు. దిండు ఒళ్లో పట్టేంత చిన్నది, గుండ్రంగా 12 అంగుళాలు. ప్రికింగ్ (డిజైన్ చుక్కలు గీసిన అట్ట) మీద చుక్కలన్నీ ఇంట్లోనే సూదితో పొడిచేసుకోండి, ఎందుకంటే రైలు కుదుపులో గుండుసూది సరిగ్గా చుక్క మీద దిగదు, కన్నం ముందే ఉంటే అదే జారి కూర్చుంటుంది. బాబిన్ల చివర పూసలు కట్టినవి ఉంటే అవే తీసుకెళ్లండి, చదును దిండు మీద దొర్లవు.

ఇక అసలు సంగతి, స్టేషనొచ్చింది, దిగాలి. వరస మధ్యలో ఆపొద్దు. వర్కర్ జతని, అంటే అటూ ఇటూ తిరుగుతూ అల్లే జతని, అంచుకి తెచ్చి, గుండుసూది గుచ్చి, అక్కడ ఆపండి, ఆ జతకి రంగు దారం ముక్క కట్టండి, లేకపోతే రాత్రికి విప్పినప్పుడు వర్కర్ ఏదో తెలీదు. దారాలు మూడు వేళ్ల పొడవుకి చుట్టి, ప్రతి బాబిన్ మెడ మీద హాఫ్ హిచ్ (దారం ఊడకుండా వేసే ఉచ్చు) ఉందో లేదో చూడండి, అది జారితే బాబిన్ సీటు కింద ఉంటుంది. తర్వాత బాబిన్లని వరసగా పరిచి, నాలుగేసికి మధ్యలో ఒక పొడుగు గుండుసూది, అడ్డంగా వెడల్పు ఎలాస్టిక్ లాగి రెండు చివర్లా పిన్ను. అంచు సూదుల్ని తలదాకా దించేసి, నూలుగుడ్డ కప్పి దిండు కిందకి మడిచి సేఫ్టీపిన్నులు పెట్టండి. నూగు గుడ్డ మాత్రం వాడకండి బాబోయ్, పోగులు దారానికి అంటుకుంటాయి.

ఫ్లైట్ అయితే కత్తెర చెకిన్ బ్యాగులో వేసేయండి, గొడవుండదు, విమానంలో దారం తెంపడానికి నెయిల్ కట్టర్ చాలు.

అభ్యాసం: రెండు అంగుళాల పట్టీ అల్లి, పైన చెప్పినట్టు కట్టేసి, దిండుని తిరగేసి గట్టిగా నాలుగు కుదుపులు కుదపండి. విప్పాక ఏ జతైనా స్థానం మారితే ఎలాస్టిక్ వదులుందన్నమాట, బిగించి మళ్లీ చేయండి. 7వ పాఠానికి ఆ పట్టీ దిండు మీదే ఉండాలి, దాన్ని వంచి కొక్కెంతో అంచు కలపడం మొదలెడదాం.