ఆంబర్‌లో ఉన్న పురుగు నిజంగా అందులో చిక్కిందేనా? ఇంట్లో పరీక్షించే పద్ధతి

ఆంబర్ రాయి కాదు. చెట్టు కార్చిన జిగురు మట్టిలో పూడిపోయి, లక్షల, కోట్ల ఏళ్లలో గట్టిపడితే ఆంబర్ అవుతుంది. బాల్టిక్ ప్రాంతపు ఆంబర్ వయసు సుమారు 4 కోట్ల ఏళ్లు. డొమినికన్ రిపబ్లిక్‌ది 1.5 నుంచి 2 కోట్లు, మయన్మార్‌ది దాదాపు 9.9 కోట్లు. లోపల పురుగు ఉంటే ధర బాగా పెరుగుతుంది కనుక నకిలీలూ ఎక్కువే. తేల్చుకోవాల్సిన ప్రశ్నలు రెండు: ఇది ఆంబరేనా? ఆ పురుగు దానంతటది ఇందులో చిక్కిందా? చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు.

ముందు ఉప్పునీళ్ల పరీక్ష. 250 మి.లీ. గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాముల ఉప్పు పూర్తిగా కరిగించి, గది వేడికి చల్లారనివ్వండి. ముక్కకు లోహపు బిగింపు ఉంటే తీసేయండి, లేకపోతే అసలు ఆంబర్ కూడా మునుగుతుంది. ముక్కను ముందే మామూలు నీళ్లలో తడిపి వేయాలి, పొడిగా వేస్తే గాలి బుడగలు అంటుకుని ఫలితాన్ని తప్పుదారి పట్టిస్తాయి. ఆంబర్ తేలుతుంది. గాజు, అలాగే బేకలైట్, సెల్యులాయిడ్, యాక్రిలిక్ అనే ప్లాస్టిక్‌లు మునుగుతాయి. పరీక్ష అయ్యాక మంచినీళ్లతో కడిగి తుడవండి, పగుళ్లలో ఉప్పు ఎండితే తెల్లగా మిగిలిపోతుంది.

అయితే తేలినంత మాత్రాన ఆంబర్ అనుకోకండి. పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్ తేలుతుంది, కోపల్ కూడా తేలుతుంది. కోపల్ అంటే ఇంకా ఆంబర్ కాని, వయసు తక్కువ ఉన్న జిగురు. ఈ రెండింటినీ పట్టేది అసిటోన్, గోళ్లరంగు తుడిచేందుకు వాడే ద్రవం. పురుగుకీ పగుళ్లకీ దూరంగా, వెనకవైపు ఒక మూల ఒక్క చుక్క వేసి, అర నిమిషం తర్వాత వేలితో నొక్కి చూడండి. జిగటగా అంటుకుంటే కోపల్ గానీ ప్లాస్టిక్ గానీ. ఆంబర్ గట్టిగానే ఉంటుంది. గదిలో గాలి ఆడాలి, దగ్గర్లో మంట ఉండకూడదు.

గుడ్డతో రుద్దితే కాగితం ముక్కలు అంటుకుంటాయి కాబట్టి ఆంబరే అనే మాట నమ్మకండి, ప్లాస్టిక్ కూడా అదే పని చేస్తుంది. కాల్చిన సూదితో గుచ్చి వాసన చూసే పద్ధతి ముక్కను పాడుచేస్తుంది, పురుగున్న ముక్కకు అసలే వద్దు.

అసలు పని ఇక్కడి నుంచి మొదలు. నిజమైన ఆంబర్‌లోనే నకిలీ పురుగును పెట్టొచ్చు: ముక్కను రెండుగా కోసి, ఒక సగాన్ని తొలిచి, ఇవాళ్టి ఈగను పెట్టి, అతికిస్తారు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలోని ఒక ఈగ ఇలాంటిదే. 1966లో విల్లీ హెన్నిగ్ అంతటి ఈగల నిపుణుడు దాన్ని నిజమైనదిగానే పరిగణించి రాశారు. 1993లో శిలాజ పరిశోధకుడు ఆండ్రూ రాస్ సూక్ష్మదర్శినిలో చూస్తున్నప్పుడు దీపం వేడికి అతుకు దగ్గర పగులు కనబడి గుట్టు బయటపడింది. ఉప్పునీళ్లు, అసిటోన్ ఈ మోసాన్ని పట్టలేవు. 10 రెట్ల భూతద్దం, పక్కనుంచి పడే చిన్న టార్చి కావాలి.

ముక్కను అంచు మీద నిలబెట్టి చూడండి. పురుగు ఉన్న మట్టంలో తిన్నని గీత ఉందా, నొక్కుకుపోయిన బుడగలన్నీ ఒకే తలంలో ఉన్నాయా? చీకట్లో 365 నానోమీటర్ల యూవీ (అతినీలలోహిత) టార్చి వేస్తే అతికించిన జిగురు గీత చుట్టూ ఉన్నదానికంటే వేరుగా మెరవొచ్చు. గీతలు పడిన ఉపరితలం అడ్డొస్తుంటే ఒక చుక్క గ్లిజరిన్ వేసి పైన పల్చటి గాజు పలక పెట్టండి, లోపల స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ తర్వాత పురుగును చదవండి. చెట్టు జిగురులో పడ్డ ప్రాణి పెనుగులాడుతుంది: కాళ్లు వంకర్లు పోతాయి, రెక్క ఒకటి మడతపడుతుంది, చుట్టూ జిగురు పారిన అలలు వంగి ఉంటాయి. రెక్కలు సమానంగా పరిచిన తూనీగనో, సరిగ్గా మధ్యలో కూర్చున్న పెద్ద తేలునో చూస్తే అనుమానించాలి. నిజంగా దొరికేవాటిలో ఎక్కువ భాగం కొన్ని మిల్లీమీటర్ల దోమజాతి ఈగలు, చీమలు. బాల్టిక్ ముక్కల్లో శరీరానికి ఒకపక్క పాలలాంటి తెల్లటి పొర, నక్షత్రం ఆకారపు ఓక్ చెట్టు నూగు కనిపిస్తే మంచి సూచనలు. అవి లేకపోయినంత మాత్రాన నకిలీ కాదు.

జాతి గుర్తుపట్టడానికి రెక్కలతో మొదలుపెట్టండి. రెండే రెక్కలుండి, వాటి వెనక గుండ్రటి తలతో చిన్న కాడలుంటే ఈగల వర్గం. సన్నటి నడుము, మోచేయిలా వంగిన మీసాలుంటే చీమ. ఒకే పొడవున్న రెక్కలు విడివిడిగా రాలి పడి ఉంటే చెదపురుగులవి కావచ్చు, అవి ఎగిరి వచ్చాక రెక్కలు విడిచేస్తాయి. పెద్ద పురుగును ఒక్కదాన్నే చూసి వదిలేయకండి. దాని కాలికి నల్లిలాంటి చిన్న ప్రాణి పట్టుకుని ఉండొచ్చు, జతకడుతూ చిక్కిన జంటలూ దొరుకుతాయి. వాటి బతుకులో జరుగుతున్న పని మధ్యలో ఆగి కనిపించే చోటు ఇది, తొందరపడకండి.

మయన్మార్ ముక్క కొనే ముందు మాత్రం ఆగండి. అక్కడి గనుల చుట్టూ సాయుధ ఘర్షణ ఉంది, అందుకే చాలామంది శిలాజ పరిశోధకులు వాటిని కొనడం మానుకున్నారు.

ఇంట్లో పెట్టేటప్పుడు ఎండ, అత్తరు, స్పిరిట్ తగలనివ్వకండి. వేడి, వెలుతురు, గాలి కలిస్తే ఆంబర్ ముదురు రంగుకు తిరిగి పైన సన్నటి పగుళ్లు వేస్తుంది. మూతపెట్టిన పెట్టెలో, చీకట్లో, పక్కనే ఒక చీటీతో ఉంచండి: ఎక్కడి ముక్క, ఎప్పుడు కొన్నది, ఏ పరీక్షలో ఏం వచ్చింది. అంతకుమించి తేల్చుకోవాలంటే, పదార్థం ఏదో చెప్పే ఇన్‌ఫ్రారెడ్ వర్ణపట పరీక్ష చేసే ప్రయోగశాలకు ఇవ్వాలి, ఆ చీటీ అక్కడా పనికొస్తుంది.