మన సోఫా మనమే కుట్టుకుందాం – 3వ పాఠం: స్పాంజి తూకం, గుడ్డ పరీక్ష

పోయిన పాఠంలో చెక్క ఫ్రేముకు నవారు పట్టీ బిగించాం. ఇక దాని మీదికి స్పాంజి, గుడ్డ కావాలి. కొట్టుకు పోగానే అందరి కళ్లూ గుడ్డల మీదికే పోతాయి. మీరు మాత్రం ముందు స్పాంజి చూడండి.

‘32 డెన్సిటీ’, ‘40 డెన్సిటీ’ అంటుంటారు కదా, ఒక ఘనపు మీటరు స్పాంజి అన్ని కిలోలు తూగుతుందని అర్థం. గట్టిదనం వేరే సంగతి. తక్కువ డెన్సిటీ స్పాంజిని కూడా గట్టిగా తయారుచేస్తారు, అందుకే బొటనవేలితో నొక్కి చూసి కొంటే మోసపోతాం. హన్మకొండలో మా ఇంటి సోఫాకు నేనట్లనే తెచ్చిన. 32 అని చెప్పి ఇచ్చారు. ఏడాది తిరక్కముందే అమ్మ కూర్చునే చోట గుంట పడింది. అసలే మోకాళ్ల నొప్పులు, లేవాలంటే ఎవరో ఒకరం చెయ్యి అందించాల్సి వచ్చేది. విప్పి కాంటా మీద పెడితే 22 అంగుళాల పొడవు, అంతే వెడల్పు, 4 అంగుళాల మందం ఉన్న ముక్క 700 గ్రాములు దాటలేదు. నిజంగా 32 అయితే ఆ ముక్క కిలో తూగాలి, 40 అయితే కిలోంబావు. తూకం వేయకుండా డబ్బులివ్వకండి.

కూర్చునే చోటుకు 32కు తగ్గొద్దు. పెద్దవాళ్లు పొద్దంతా కూర్చునేదైతే 40 పెట్టండి. వీపు ఆనించే మెత్తలకు దూది చాలు, కాకపోతే అప్పుడప్పుడు ఎండలో వేయాలి.

ఇప్పుడు గుడ్డ. మన ఎండాకాలంలో రెక్సిన్ ఒంటికి అంటుకుంటుంది, నూలు చెమట పీలుస్తుంది. నూలో కాదో తెలియాలంటే అంచు నుంచి ఒక పోగు లాగి వెలిగించండి. కాగితం కాలిన వాసనొచ్చి మెత్తటి బూడిదైతే నూలు. కరిగి గట్టి పూసలా ముడుచుకుంటే పాలిస్టర్. నూలు గుడ్డను కత్తిరించకముందే తడిపి ఆరేయండి, కుట్టినంక ఉతికితే కుంచించుకుపోతుంది.

నా మనసు మాత్రం వరంగల్ కొత్తవాడలో నేసే దరీల (జంపఖానాల) మీదే. వరంగల్ దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేత దిట్టంగా ఉంటుంది కాబట్టి బెంచీకి పరిచినా నిలుస్తుంది. మూలల్లో మడత లావెక్కుతుంది, మిషన్‌కు 18 నంబరు సూది వేయండి.

వచ్చే పాఠానికి మీ సోఫా కొలతలు రాసిపెట్టుకోండి. సోఫా గుడ్డ పన్నా, అంటే వెడల్పు, ఎక్కువగా 54 అంగుళాలుంటుంది. ఆ పన్నాలో ముక్కలెట్లా సర్దాలో, కత్తెర పట్టకముందే కాగితం మీద గీసి చూద్దాం.