చార్టుల్లో, మ్యాపుల్లో రంగులు తప్పొస్తున్నాయా? సమస్య - పరిష్కారం

"అక్కా, రూల్ కరెక్ట్‌గానే పెట్టాను, రంగు మాత్రం రావట్లేదు." బెంగళూరులో డేటా పని చేసే తెలుగువాళ్ల మధ్య ఈ మాట నాకు తరచూ వినిపిస్తుంది. రూల్ అంటే విలువని బట్టి రంగు మార్చమని టూల్‌కి ఇచ్చే షరతు; ఎక్సెల్‌లో దీన్ని కండిషనల్ ఫార్మాటింగ్ అంటారు. మారతహళ్ళిలో కూర్చుని అనంతపురం మండలాల లెక్కలు చూసేవాళ్లున్నారు, కర్ణాటక జిల్లాల మ్యాప్ తయారుచేసేవాళ్లున్నారు, కంపెనీ సేల్స్ డాష్‌బోర్డు నడిపేవాళ్లున్నారు. వాడే టూల్ వేరైనా చిక్కు వచ్చే చోట్లు దాదాపు అవే. వీటిని తేలిగ్గా తీసుకోకూడదని నా అభిప్రాయం. మీటింగులో ఎర్రగా కనబడ్డ జిల్లాకే డబ్బు, మనుషులు వెళ్తారు. పొరపాటున తెల్లగా మిగిలిపోయిన జిల్లా ఊసు ఎవరూ ఎత్తరు.

సమస్య ఏదైనా మొదట చేయాల్సింది ఒకటుంది. తప్పు రంగు వచ్చిన ఒక్క సెల్‌నో, ఒక్క జిల్లానో పట్టుకోండి. దాని అసలు విలువ ఎంతో చూడండి. సెల్‌లో 80 అని కనిపిస్తున్నా లోపల 79.6 ఉండొచ్చు, రూల్ చూసేది ఆ 79.6నే. ఆ అంకెను కాగితం మీద రాసుకుని, మీ రూల్స్‌ని పైనుంచి కిందికి ఒక్కొక్కటిగా చదవండి. సగం సమస్యలు ఇక్కడే తేలిపోతాయి. మిగతా సగం కోసం కిందివి చూడండి.

రూల్ పెట్టినా రంగు రాలేదు, లేదా కాలమ్ అంతా ఒకే రంగు అయిపోయింది

మీరు నంబర్లు అనుకుంటున్నవి నిజానికి టెక్స్ట్ అయి ఉంటాయి. పీడీఎఫ్ నుంచో ప్రభుత్వ వెబ్‌సైటు నుంచో కాపీ చేసినప్పుడు అంకె వెనక ఒక ఖాళీ, పక్కన ఒక యూనిట్, మధ్యలో వింత కామా వచ్చి చేరతాయి. ఎక్సెల్‌లో పోలిక పెడితే టెక్స్ట్ ఎప్పుడూ నంబరు కంటే పెద్దదిగానే లెక్క. అందుకే "100 కంటే ఎక్కువైతే ఎరుపు" అని ఫార్ములా రాస్తే టెక్స్ట్‌గా ఉన్న 5 కూడా ఎర్రబడుతుంది. పక్క కాలమ్‌లో ఈజ్‌నంబర్ ఫంక్షన్ పెట్టి చూడండి, ఫాల్స్ వచ్చినచోటల్లా తేడా ఉన్నట్టే. ట్రిమ్ ఫంక్షన్ మామూలు స్పేస్‌ని తీసేస్తుంది కానీ, వెబ్ పేజీల నుంచి వచ్చే నాన్-బ్రేకింగ్ స్పేస్‌ని వదిలేస్తుంది. దాన్ని సబ్‌స్టిట్యూట్‌తో విడిగా తీసేసి, ఆ తర్వాత వాల్యూ ఫంక్షన్‌తో నంబరుగా మార్చుకోవాలి.

ఒక వరుసకి రావాల్సిన రంగు పక్క వరుసకి వచ్చింది

ఫార్ములా రూల్‌ని మీరు ఎంచుకున్న రేంజ్‌లోని ఎడమ పై మూల సెల్‌కి రాయాలి. రేంజ్ రెండో వరుస నుంచి మొదలైతే ఫార్ములాలోనూ రెండో వరుసే ఉండాలి. వరుస మొత్తానికి రంగు కావాలంటే కాలమ్ అక్షరం ముందు డాలర్ గుర్తు పెట్టండి, వరుస నంబరు ముందు వద్దు.

రెండు రూల్స్ ఉంటే ఒక్కటే పనిచేస్తోంది

ఉదాహరణకి 50 దాటితే లేత ఆకుపచ్చ, 80 దాటితే ముదురు ఆకుపచ్చ. ఇదే వరుసలో రెండు రూల్స్ పెట్టారనుకుందాం. గూగుల్ షీట్స్‌లో కొత్త రూల్ కింద చేరుతుంది, పైనుంచి చదువుతూ నిజమైన మొదటి రూల్ దగ్గరే ఆగిపోతుంది. 92 మార్కులు కూడా 50 దాటినవే కాబట్టి ముదురు రంగు ఎప్పటికీ రాదు. ఎక్సెల్‌లో కొత్త రూల్ జాబితా పైకి వెళ్తుంది, పైనున్నదే గెలుస్తుంది. అంటే అవే పనులు అదే వరుసలో చేస్తే అక్కడ సరిగ్గా వస్తుంది. ఒకదాంట్లో బాగున్న ఫైల్‌ని చూసి రెండోదాంట్లో రూల్స్ మళ్లీ పెట్టేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. ఏ టూల్ అయినా కఠినమైన షరతు పైన, వదులైన షరతు కింద ఉండేలా చూసుకోండి.

మ్యాపులు గీసే టూల్ క్యూజీఐఎస్ దారి వేరు. రూల్-బేస్డ్ పద్ధతిలో నిజమైన ప్రతి రూల్‌నీ అది గీస్తుంది. ఒకే వార్డు మీద రెండు రంగులు ఒకదానిపై ఒకటి పడతాయి. ట్రాన్స్‌పరెన్సీ కూడా పెట్టి ఉంటే లెజెండ్‌లో లేని మూడో రంగు పుడుతుంది (లెజెండ్ అంటే ఏ రంగు దేన్ని సూచిస్తుందో చెప్పే పట్టిక). అక్కడ వరుస మార్చి లాభం లేదు, షరతులకే రెండు వైపులా హద్దు రాయాలి: 50 నుంచి 80 లోపు, 80 నుంచి పైకి. చివర్లో ఎల్స్ రూల్ ఒకటి తప్పకుండా పెట్టండి. ఏ షరతుకీ అందనివి, విలువే లేనివి అందులో దొరుకుతాయి.

మధ్యలో కొన్నిటికి అసలు రంగే లేదు

నేను ఎక్కువగా చూసేది ఈ తప్పే, ఎక్కువమంది కంట పడకుండా పోయేదీ ఇదే. గాలి నాణ్యత సూచీ (ఏక్యూఐ) తీసుకోండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఏక్యూఐ తరగతులు ఇలా ఉంటాయి: 0-50, 51-100, 101-200, 201-300, 301-400, 401-500. ఒక రోజు సూచీ పూర్ణాంకం కాబట్టి ఈ పట్టికలో లోపం లేదు. కానీ మనం డాష్‌బోర్డులో నెల సగటు తీస్తాం. సిల్క్ బోర్డు దగ్గరి స్టేషన్‌కి సగటు 100.4 వచ్చిందనుకోండి. "51 నుంచి 100" రూల్‌లోకి రాదు, "101 నుంచి 200" రూల్‌లోకీ రాదు. ఆ చుక్క బూడిద రంగులో మిగిలిపోతుంది. చూసేవాళ్లు అక్కడ మెషిన్ పనిచేయలేదేమో అనుకుంటారు.

పట్టికలోని అంకెల్ని ఉన్నవి ఉన్నట్టు రూల్‌లోకి దించకండి. ప్రతి తరగతీ ముందుది ముగిసినచోటే మొదలవ్వాలి: 50 కంటే ఎక్కువ, 100 వరకు; 100 కంటే ఎక్కువ, 200 వరకు. హద్దు మీదున్న అంకె ఏ వైపుకి చెందుతుందో ఒక్కసారి నిర్ణయించి, అన్ని తరగతులకీ అదే పాటించండి. లేదంటే సగటుని ముందే రౌండ్ చేసి ఆ కాలమ్‌కి రూల్ పెట్టండి.

వర్షపాతంలోనూ ఇదే చిక్కు. వాతావరణ శాఖ లెక్కలో సాధారణం అంటే మైనస్ 19 నుంచి ప్లస్ 19 శాతం, లోటు అంటే మైనస్ 20 నుంచి మైనస్ 59. మైనస్ 19.5 వస్తే ఎటూ కాకుండా పోతుంది. అన్నట్టు, ఆ శాఖ మ్యాపుల్లో లోటు ఎరుపు, భారీ లోటు పసుపు. పసుపంటే కాస్త నయం అనే అలవాటుతో మీరు సొంతంగా రంగులు మార్చి వేస్తే, రెండు మ్యాపులూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు పూర్తిగా తిరగేసి అర్థం చేసుకుంటారు. శాఖ పేరు చెప్పుకుని వేసే మ్యాపుకి శాఖ రంగులే వాడండి.

పవర్ బీఐలో 75 శాతం లోపు ఎరుపు అంటే, 85 కూడా ఎర్రబడింది

డాష్‌బోర్డులు తయారుచేసే ఈ టూల్‌లో రూల్ పెట్టే చోట నంబర్, పర్సెంట్ అని రెండు ఎంపికలుంటాయి. విలువ శాతంలో ఉంది కాబట్టి చాలామంది పర్సెంట్ ఎంచుకుంటారు. అక్కడ పర్సెంట్ అంటే మీ విలువ కాదు, డేటాలోని కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య దూరంలో ఎంత శాతం అని. హాజరు 62 నుంచి 98 మధ్య ఉందనుకుందాం. తేడా 36, అందులో 75 శాతం 27. 62కి 27 కలిపితే 89. అంటే మీరు రాసిన రూల్ "89 లోపు ఎరుపు" అయి కూర్చుంది. 85 శాతం హాజరున్న స్కూలు కారణం లేకుండా ఎర్ర జాబితాలో పడింది. నంబర్ ఎంచుకుని 0.75 అని రాయండి. శాతం ఫార్మాట్‌లో ఉన్న కొలత లోపల దశాంశంగానే ఉంటుంది.

అదే పవర్ బీఐలో బార్ చార్టుకి రంగుల దగ్గర ఎఫ్‌ఎక్స్ బటన్ కనబడకపోతే, లెజెండ్ గడిలో ఏదో ఫీల్డ్ ఉందన్నమాట. తీసేస్తే బటన్ వస్తుంది.

కొన్ని జిల్లాలు బూడిద రంగులో ఉండిపోయాయి

ఇక్కడ రూల్ తప్పేమీ ఉండదు. డేటాకి, జిల్లాల ఆకారాలుండే సరిహద్దు ఫైలుకి జోడీ కుదరలేదు. కర్ణాటకలో ఇది ఎక్కువ. 2014 నవంబర్ 1న 12 నగరాల పేర్లు మారాయి. 2011 సెన్సస్ ఆధారంగా తయారైన ఫైల్లో గుల్బర్గా, బీజాపూర్, బెల్గాం, బళ్లారి (Bellary) పాత ఇంగ్లిష్ స్పెల్లింగులతో ఉంటాయి; కొత్త డేటాలో కలబురగి, విజయపుర, బెళగావి, బళ్లారి (Ballari) కొత్త స్పెల్లింగుతో ఉంటాయి. 2021లో బళ్లారి నుంచి విజయనగర జిల్లా విడిపోయింది, 2025లో రామనగర జిల్లాని బెంగళూరు దక్షిణ అన్నారు. మన వైపు చూస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబర్‌లో 31, 2019 ఫిబ్రవరిలో 33 అయ్యాయి.

పేరుతో కలపడం మానేసి కోడ్‌తో కలపండి. పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి జిల్లాకీ కోడ్ ఉంటుంది. పేరుతో ఇంకో ప్రమాదం కూడా ఉంది: బీజాపూర్ ఛత్తీస్‌గఢ్‌లోనూ ఉంది. కోడ్ వాడినా సున్నా సంగతి చూసుకోండి. ఒకచోట 09, ఇంకోచోట 9 ఉంటే టెక్స్ట్‌గా అవి కలవవు. రెండు వైపులా ఒకే రకంగా మార్చాకే జోడించండి.

కొత్త జిల్లాల డేటా పాత మ్యాపుకి పట్టదు. కొత్త సరిహద్దు ఫైల్ తెచ్చుకోండి, లేదా కొత్త జిల్లాల అంకెల్ని పాత జిల్లాకి కూడి చూపండి. విడిపోయిన జిల్లా మండలాలు రెండు పాత జిల్లాల నుంచి వచ్చి ఉంటే, మండలం స్థాయి నుంచి కూడుకుంటూ రావడం తప్ప దారి లేదు.

బూడిద రంగు కనీసం తప్పు ఉందని చెబుతుంది. బెంగళూరు వార్డుల విషయంలో అది కూడా ఉండదు. ఇప్పటికీ చాలామంది దగ్గరున్నది 198 వార్డుల ఫైలే. 2023లో 225 వార్డులుగా మళ్లీ గీశారు. 2025 సెప్టెంబర్‌లో నగరపాలక సంస్థ బీబీఎంపీ పోయి, గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. వార్డు నంబరుతో కలిపితే పాత 45కీ కొత్త 45కీ చక్కగా జోడీ కుదిరిపోతుంది, రంగూ వస్తుంది, కానీ అది వేరే వీధుల మీద పడుతుంది. అందుకే నంబరుతో పాటు వార్డు పేరు, సంవత్సరం కూడా పోల్చి చూడందే వార్డు మ్యాపు బయటికి పంపకండి.

ఒక్క బెంగళూరు ముదురు, మిగతా రాష్ట్రమంతా వెలవెల

రెండు కారణాలుంటాయి. మొదటిది, మీరు వేసింది మొత్తం సంఖ్య. జనం ఎక్కువున్న చోట ఏదైనా ఎక్కువే ఉంటుంది. లక్ష జనాభాకి ఎంతో లెక్కగట్టి వేయండి.

రెండోది, తరగతులు సమాన దూరంలో కోయడం. 2011 సెన్సస్ జనసాంద్రత చూడండి. బెంగళూరు అర్బన్ జిల్లాలో చదరపు కిలోమీటరుకి 4,381 మంది, కొడగులో 135. ఐదు సమాన భాగాలు చేస్తే ఒక్కోటి దాదాపు 849. మొదటి తరగతి 135 నుంచి 984 వరకు. బెంగళూరు తప్ప అప్పటి 30 జిల్లాల్లో మిగిలిన 29 జిల్లాలూ 500 లోపే ఉన్నాయి కాబట్టి అన్నీ అందులోనే పడ్డాయి. మధ్య మూడు రంగులు ఒక్క జిల్లాకీ రాలేదు.

ఈక్వల్ కౌంట్ పెడితే తరగతికి ఆరు జిల్లాలు వస్తాయి, మ్యాపు అందంగా కనిపిస్తుంది. కానీ 400 కూడా దాటని కోలార్, 4,381 ఉన్న బెంగళూరు ఒకే రంగులో ఉంటాయి. అది కూడా నాకు ఒప్పుదల కాదు. ఇలాంటి డేటాకి హద్దులు చేత్తో రాయడమే మంచిది: 200 లోపు, 200-300, 300-400, 400-1000, 1000 పైన. రాష్ట్ర సగటు 319 కాబట్టి నడిమి తరగతిలో సగటు పడుతుంది, చూసేవాళ్లకి ఆధారం దొరుకుతుంది.

నిన్నటి రంగు ఇవాళ లేదు

ఫిల్టర్ మార్చినా, కొత్త నెల డేటా చేరినా కనిష్ఠం, గరిష్ఠం మారతాయి. గ్రేడియెంట్ (విలువతో పాటు మెల్లగా మారే రంగు) ఆటోమేటిక్‌లో ఉంటే రంగులూ జరుగుతాయి. పవర్ బీఐ లాంటి టూల్ టాబ్లోలో స్టార్ట్, ఎండ్ విలువలు, పవర్ బీఐలో కనిష్ఠ గరిష్ఠాలు చేత్తో ఇవ్వండి. క్యూజీఐఎస్‌లో దీనికి తిరగబడి జరుగుతుంది: గ్రాడ్యుయేటెడ్ (విలువల్ని తరగతులుగా కోసి రంగు వేసే) పద్ధతిలో హద్దులు ఒకసారి వేశాక కదలవు, కొత్త విలువ వాటి బయట పడితే ఆ ప్రాంతాన్ని అసలు గీయదు. మ్యాపులో చిల్లు పడినట్టు కనిపిస్తే ముందు అదే చూడండి. రెండు సంవత్సరాల మ్యాపులు పక్కపక్కన పెట్టేటప్పుడు రెంటికీ ఒకే హద్దులు లేకపోతే ఆ పోలికకి అర్థమే లేదు.

ఎక్కువ-తక్కువ చూపే రెండు రంగుల స్కేల్‌లో నడిమి బిందువు కూడా సరిచూడండి. వర్షం తేడా మైనస్ 30 నుంచి ప్లస్ 90 ఉంటే ఆటోమేటిక్ నడుమ 30 అవుతుంది. 20 శాతం అదనంగా వాన పడిన జిల్లా లోటు రంగులోకి జారిపోతుంది. నడిమి బిందువు సున్నా అని మీరే రాయాలి.

ఖాళీ సెల్స్ ఎర్రబడ్డాయి

ఫార్ములా రూల్‌లో ఖాళీని సున్నాగా తీసుకుంటుంది, "10 లోపు ఎరుపు" అంటే అదీ లోపే. ఖాళీ కాదు అనే షరతు జోడించండి. సున్నాకి, సమాచారం లేకపోవడానికి ఎప్పుడూ వేర్వేరు రంగులుండాలి.

సెల్ రంగు చార్టులోకి రాలేదు

రాదు. ఎక్సెల్, గూగుల్ షీట్స్ రెండింట్లోనూ కండిషనల్ ఫార్మాటింగ్ సెల్స్‌కే పరిమితం. ఇఫ్ ఫార్ములాతో ఒక్కో రంగుకి ఒక్కో కాలమ్ చేసి, వాటిని వేర్వేరు సిరీస్‌లుగా చార్టులో పెట్టండి. ఎక్సెల్‌లో సిరీస్ ఓవర్‌ల్యాప్ 100 చేయండి, షీట్స్‌లో స్టాక్డ్ చార్టు వాడండి. లైన్ చార్టయితే షరతు తప్పినచోట ఖాళీ కొటేషన్ బదులు ఎన్ఏ ఫంక్షన్ పెట్టండి, లేకపోతే గీత సున్నాకి పడిపోతుంది. లాభనష్టాలు మాత్రమే చూపాలంటే ఇంత శ్రమ అక్కర్లేదు, ఎక్సెల్‌లోని ఇన్వర్ట్ ఇఫ్ నెగటివ్ చాలు.

కొందరికి రెండు రంగులూ ఒకేలా కనిపిస్తున్నాయి

ఎరుపు-ఆకుపచ్చ తేడా పట్టలేనివాళ్లు ప్రతి ఆఫీసులో ఉంటారు, వాళ్లు బయటికి చెప్పరు. నీలం-నారింజ జత వాడండి. ఒకే దిశలో పెరిగే అంకెలకి లేత నుంచి ముదురుకి వెళ్లే ఒకే రంగు వాడితే జెరాక్స్ తీసినా చదవగలరు. క్యూజీఐఎస్ వ్యూ మెనూలోని ప్రివ్యూ మోడ్‌లో వర్ణాంధత ఉన్నవాళ్లకి మ్యాపు ఎలా కనిపిస్తుందో చూపిస్తుంది. పంపే ముందు ఒక్కసారి మార్చి చూడండి.

రంగులు సరిగ్గానే ఉన్నాయి, అర్థం మాత్రం ఎవరికీ తెలియట్లేదు

పవర్ బీఐ బార్ చార్టులో రూల్‌తో వచ్చిన రంగులు లెజెండ్‌లో కనబడవు. చార్టు కింద టెక్స్ట్ బాక్స్ పెట్టి హద్దులు, కొలమానం, డేటా ఏ నెలదో, సరిహద్దు ఫైల్ ఏ సంవత్సరానిదో రాయండి. రూల్ మార్చిన ప్రతిసారీ అది దానంతట మారదు కాబట్టి, రూల్‌లో హద్దు మార్చిన వెంటనే అక్కడా మార్చండి.