చిన్న విమానంలో రేడియో దారి – 4వ పాఠం: వీఓఆర్ సూదిని చదవడం

ఈసారి భీమిలి మీద నుంచి విశాఖ ఎయిర్‌పోర్టుకి వద్దాం. లెక్క కోసం వీఓఆర్ స్టేషన్ (విమానానికి దిక్కు చెప్పే నేల మీది రేడియో కేంద్రం) ఎయిర్‌పోర్టులోనే ఉందనుకోండి. మ్యాప్ మీద స్కేలు పెట్టి చూస్తే భీమిలి ఈశాన్యంగా, సుమారు 16 నాటికల్ మైళ్ల దూరంలో, 050 రేడియల్‌కి (స్టేషన్ నుంచి 50 డిగ్రీల దిక్కుగా బయటికి పోయే గీతకి) దగ్గర్లో ఉంటుంది.

ముందు ఫ్రీక్వెన్సీ పెట్టండి. వీఓఆర్‌లన్నీ 108 నుంచి 117.95 మెగాహెర్ట్జ్ లోపే. తర్వాత హెడ్‌సెట్‌లో మోర్స్ కోడ్ విని, చార్టులో రాసినదానితో సరిచూసుకోండి. ఎంత తొందరలో ఉన్నా ఇది మానొద్దు. స్టేషన్ మరమ్మతులో ఉంటే మామూలు గుర్తింపు కోడ్ రాదు, సూది మాత్రం కదులుతూనే కనిపించవచ్చు.

ఇక ఓబీఎస్ నాబ్, అంటే మనకు కావాల్సిన గీతను డయల్ మీద ఎంచుకునేది. 050 మీదే ఉన్నాం కదా అని చాలామంది 050 పెట్టేస్తారు. మనం స్టేషన్ వైపు వస్తున్నాం కాబట్టి పెట్టాల్సింది దానికి సరిగ్గా ఎదురు దిక్కు, 230. డయల్ మీద 'టు' (స్టేషన్ వైపు) అని చూపించాలి. విమానం ముక్కు కూడా 230కే తిప్పండి.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. మీ ముక్కు ఎటు ఉందో వీఓఆర్‌కి తెలియదు. మీరు పెట్టిన గీతకి ఏ పక్కన ఉన్నారో అంతవరకే చెబుతుంది. మధ్యాహ్నం ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి మొదలైందనుకోండి. ఈ దారిలో సముద్రం ఎడమ చేతివైపు. గాలి మిమ్మల్ని కుడికి, సింహాచలం కొండల వైపు నెడుతుంది. 230 పెట్టి ఉంటే సూది ఎడమకు జరిగి, గీత అటుందని నిజం చెబుతుంది. 050 పెట్టి ఉంటే అదే సూది కుడికి పోతుంది! దాన్ని నమ్మి తిరిగారంటే ఇంకా కొండల మీదికే వెళ్తారు. మబ్బు పట్టిన రోజు ఈ ఒక్క పొరపాటు చాలు.

సూది డయల్ మీద ఒక చుక్క జరిగిందంటే 2 డిగ్రీలు. భీమిలి దూరంలో అది దాదాపు ఒక కిలోమీటరు. 20 డిగ్రీలు ఎడమకు తిరిగి 210 పట్టుకోండి. సూది మధ్యకు వచ్చాక మళ్లీ 230కి పోవద్దు, గాలి ఆగలేదు కదా. 220లో ఉంచి చూడండి. ఇంకా కుడికి జారుతుంటే 215.

స్టేషన్ దగ్గరయ్యేకొద్దీ సూది చురుగ్గా కదులుతుంది. సరిగ్గా పైకి వచ్చినప్పుడు అటూ ఇటూ ఊగి, 'టు' పోయి 'ఫ్రం' (స్టేషన్ నుంచి దూరంగా) వస్తుంది. ఆ కాసేపూ టెన్షన్ పడి సూది వెంట పడకండి, హెడింగ్ (ముక్కు ఉన్న దిక్కు) పట్టుకుని ఉండండి.

అభ్యాసం: అనకాపల్లి ఎయిర్‌పోర్టుకి దాదాపు పడమరన ఉంది. అక్కడి నుంచి స్టేషన్‌కి రావడానికి ఓబీఎస్‌లో ఎంత పెట్టాలి? అదే గాలికి సూది ఎటు జరుగుతుంది? కాగితం మీద గీసి చూడండి. జవాబుతోనే 5వ పాఠం మొదలవుతుంది.