ఫాంటసీ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్‌కి కూర్చునే ముందు జాగ్రత్తలు

ఫాంటసీ ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్ళతో ఊహాజట్టు కట్టి, మైదానంలో వాళ్ళ ఆటను బట్టి పాయింట్లు తెచ్చుకునే ఆట. ఆ ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకోవడమే డ్రాఫ్ట్. ముందు ఏ పొజిషన్ తీసుకోవాలో ఎవరి సలహా వినకముందే మీ లీగ్ సెట్టింగ్స్ తెరవండి.

- క్యాచ్‌కి 1 పాయింటా, 0.5 ఆ, అసలు లేదా? 1 అయితే 80 క్యాచ్‌లు పట్టే రిసీవర్‌కి వాటికే 80 పాయింట్లు. లేకపోతే బంతి ఎక్కువసార్లు మోసే రన్నింగ్ బ్యాక్‌దే పైచేయి.

- క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) స్థానం ఒక్కటేనా? లీగ్‌లో 12 జట్లుంటే వారానికి 12 మంది చాలు, ఎన్ఎఫ్ఎల్‌లో స్టార్టర్లు 32 మంది. తొందరెందుకు? సూపర్‌ఫ్లెక్స్ (క్వార్టర్‌బ్యాక్‌ని కూడా పెట్టుకోగల అదనపు స్థానం) ఉంటే మాత్రం 24 మంది దాకా కావాలి, ఆలస్యం చేస్తే మిగిలేది బెంచీ సరుకే.

- స్నేక్ డ్రాఫ్ట్‌లో (రౌండ్ రౌండ్‌కీ వరస తిరగబడేది) మీ వంతు ఎంత? 12 జట్లలో 1వ పిక్ వస్తే మళ్ళీ 24, 25. మధ్యలో 22 మంది వెళ్ళిపోతారు. అందుకే ఒకే పొడవాటి జాబితా పనికిరాదు. పొజిషన్‌వారీగా, దాదాపు సమానమైనవాళ్ళను ఒక్కో గుంపుగా రాసుకోండి. గుంపులో ఒక్కరే మిగిలితే వాళ్ళనే తీసుకోండి. నలుగురుంటే ఆ పొజిషన్ తర్వాత చూసుకోవచ్చు.

- టైట్ ఎండ్ (ప్రత్యర్థుల్ని అడ్డుకుంటూ క్యాచ్‌లూ పట్టే ఆటగాడు): పై ఒకరిద్దరు చేజారితే వదిలేయండి, తర్వాతివాళ్ళ మధ్య తేడా తక్కువ.

- కిక్కర్, డిఫెన్స్ చివరి రెండు రౌండ్లకే.

- గాయాల వార్తలు డ్రాఫ్ట్‌కి గంట ముందు మళ్ళీ చూడండి. నిన్నటి ర్యాంకింగ్స్‌లో అవి ఉండవు.