స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ఇంట్లో ఏం పెట్టాలి, ఏం ముట్టుకోకూడదు

మా అమ్మకి కీళ్లవాతం, అనంతపురంలో డాక్టర్ ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర రాసిన దగ్గర్నుంచి ఇంటికొచ్చినోళ్లందరూ లివర్‌కి ఇది తాగించు, కిడ్నీకి అది తాగించు అని ఒకటే చెప్పుడు. డాక్టర్‌ని అడిగి అడిగి విసిగించాక మేం చేస్తున్నది ఇది.

ఈ మాత్ర రోజూ నెలల తరబడి వాడితే లివర్ కంటే ముందు దెబ్బ తగిలేది ఎముకలకి, తర్వాత షుగరు, బీపీ, కళ్లు. అందుకే మొదట కాల్షియం చూసుకోండి. రోజుకి 1000 నుంచి 1200 మిల్లీగ్రాములు కావాలి, 100 గ్రాముల రాగుల్లో ఉండేది సుమారు 350, అంటే సంగటి ఒక్కదాంతో తీరదు, మునగాకు పప్పు, పెరుగు, నువ్వుల పొడి కూడా పడాలి, ఇంకా తక్కువైతే డాక్టర్ రాసిన మాత్ర. షుగరు ఎక్కుతోందంటే రెండు ముద్దలు ఒక ముద్ద చేయాల్సిందే, మా అమ్మ ఇప్పటికీ గొణుగుతానే ఉంది. విటమిన్ డి కూడా కావాలి కానీ ఎంతో డాక్టరే చెప్పాలి, ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీకే చేటు.

ఉప్పు తగ్గించాలి, ఎందుకంటే స్టెరాయిడ్ ఒంట్లో నీరు పట్టేస్తుంది, ఊరగాయ, అప్పడాలు, ఊరిబిండి అన్నీ ఇందులోకే వస్తాయి (ఊరిబిండి దగ్గర ఇంట్లో పెద్ద గొడవే అయింది). మాత్ర మాత్రం పొద్దున్నే, ఉగ్గానో ఇడ్లీనో తిన్నాకే, పరగడుపున వద్దు.

ఇంక ముట్టుకోకూడనివి. దగ్గుకని అతిమధురం నములుతారు కదా, అది బీపీ పెంచి పొటాషియం తగ్గిస్తుంది, స్టెరాయిడ్ చేసేదీ అదే, పైగా మందు ఒంట్లోంచి తొందరగా పోనీదు. తిప్పతీగ కషాయం తాగి లివర్ చెడినోళ్లు మన దేశంలోనే ఉన్నారు, పైగా అది ఇమ్యూనిటీని రేపుతుంది అంటారు, కీళ్లవాతంలో ఇమ్యూనిటీ ఇప్పటికే మన మీదకే తిరగబడి ఉంటే ఇంకా రేపేదెందుకు? లివర్ క్లీన్ చేస్తామనే పొడుల మీద మేమైతే రూపాయి పెట్టలేదు.

సంతలో అమ్మే కీళ్లనొప్పుల పొడి రెండ్రోజుల్లో మాయ చేసిందంటే అనుమానించండి, అలాంటి కొన్నింట్లో స్టెరాయిడే కలిపి అమ్ముతుంటారు, అంటే డబల్ డోసు. వాడుతున్న పొట్లాలన్నీ సంచిలో వేసుకుపోయి డాక్టర్‌కి చూపించండి, సిగ్గుపడొద్దు. షుగరు, బీపీ చూపిస్తూ ఉండండి, కంటి డాక్టర్‌ దగ్గరికీ పోండి. ఇక మొహం ఉబ్బిందని మీ అంతట మీరే మాత్ర ఠక్కున ఆపేయొద్దు, వారాల తరబడి వాడినోళ్లకి ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోయి ఉంటుంది, బీపీ పడిపోయి ప్రాణం మీదకొస్తుంది, డాక్టర్ చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటా రావాలి.